మధ్యలో అద్దం

ఖాళీ రోడ్డు మీద ఒక్క మనిషి నడుస్తున్న ఫొటో కనిపిస్తే చాలు, 'నగర జీవితంలో ఏకాకితనం' అని కింద రాసేస్తాం. ఆ మనిషి కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోతుండవచ్చు. ఇంట్లో నలుగురు ఎదురుచూస్తుండవచ్చు. కెమెరాకి అవేమీ తెలియవు. మరి కొన్ని వీధి ఫొటోలు చూడగానే మనలో వెలితి ఎందుకు కదులుతుంది? ఫొటోగ్రాఫర్ సాల్ లైటర్ తీసినవి చూస్తే జవాబు దొరుకుతుంది.

లైటర్ 1923లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో పుట్టాడు. తండ్రి యూదు మతగ్రంథాల్లో పెద్ద పండితుడు. కొడుకు కూడా అదే దారి పట్టాలని ఇంటివాళ్ల ఆశ. అతను ఆ చదువు మధ్యలో వదిలేసి, బొమ్మలు వేసుకు బతుకుదామని 1946లో న్యూయార్క్ చేరాడు. ఇల్లు విడిచి మహానగరానికి వచ్చిన కుర్రవాళ్లకి రెండు సంగతులు ఒకేసారి అనుభవంలోకి వస్తాయి. ఇక్కడ ఎవరూ మనల్ని అడగరు. ఎవరూ పట్టించుకోరు కూడా.

అక్కడ ఫొటోలు తీస్తూ, 1948 నుంచి రంగుల ఫిల్ము వాడటం మొదలుపెట్టాడు. అప్పట్లో రంగులు ప్రకటనలకే, కళ అంటే నలుపు తెలుపే అని చాలామంది నమ్మకం.

1957లో తీసిన 'త్రూ బోర్డ్స్' చూడండి. ఫ్రేములో ఎక్కువ భాగం చీకటి చెక్కలే. మధ్యలో సన్నటి అడ్డ సందు, అందులో వీధి. 1960 నాటి 'స్నో'లో ఆవిరి పట్టిన అద్దం, దాని మీద నీటి చారలు, వెనక మసకగా ఒక మనిషి. చలికాలంలో గది వెచ్చగా ఉంటే ఆవిరి పట్టేది అద్దానికి లోపలివైపే. అంటే ఫొటో తీసినవాడు వెచ్చగా లోపల ఉన్నాడు, ఎదుటివాడు చలిలో. ఆ మనిషి దిగులుగా ఉన్నాడో లేదో ఫొటో చెప్పదు. ఇద్దరి మధ్యా ఏముందో మాత్రం చెబుతుంది. మనకి కలిగే వెలితి అక్కడిదే అని నా అభిప్రాయం.

లెన్సు సంగతీ ఉంది. వీధి ఫొటోలు తీసేవాళ్లు ఎక్కువగా 35 మిల్లీమీటర్ల లెన్సు పెట్టుకుని జనంలోకి చొరబడతారు. లైటర్ చాలాసార్లు 150 మిల్లీమీటర్లది వాడేవాడు. దానితో దూరాన ఉన్నవి ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపిస్తాయి. దగ్గరున్న దుకాణపు పందిరి గుడ్డో తలుపు చట్రమో మసకబారి పెద్ద రంగు మరకగా మారుతుంది. మనిషికి దక్కేది మిగిలిన కాస్త చోటే. 1958 నాటి 'కానపీ'లో అయితే పైభాగమంతా నల్లటి గుడ్డే. మంచులో వెళ్తున్న మనిషి అడుగున ఓ మూల. పెయింటరు కాబట్టే అంత చోటు నలుపుకి వదిలేయగలిగాడనిపిస్తుంది.

వీటిని అతని ఆత్మకథగా మాత్రం చదవొద్దు. అతనికి స్నేహితులుండేవారు. సోమ్స్ బాంట్రీ అనే ఆవిడ దశాబ్దాల పాటు తోడుగా ఉంది. 1953లోనే న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో 'ఆల్వేస్ ద యంగ్ స్ట్రేంజర్స్' అనే ప్రదర్శనలో అతని నలుపు తెలుపు ఫొటోలు పెట్టారు. కానీ రంగుల ప్రింట్లకి బాగా ఖర్చయ్యేది. అందుకే అతని రంగుల స్లైడ్లు చాలావరకు పెట్టెల్లోనే ఉండిపోయాయి. అప్పుడప్పుడూ ప్రొజెక్టరు పెట్టి స్నేహితులకి చూపించేవాడట. అవి 'ఎర్లీ కలర్' అనే పుస్తకంగా వచ్చింది 2006లో. అప్పటికి లైటర్‌కి 82 ఏళ్లు.