ఫో సూపు, మరక లేని చీర

వియత్నాం దేశస్థులకు ‘ఫో’ అంటే మనకు ఇడ్లీ సాంబారు వంటిది. తెల్లవారేసరికే వీధి అంగళ్ళలో పెద్ద డేగిసాలు కాగుతూ వుంటాయి. పనికి పోయేవారు పొట్టి పీటలమీద కూర్చుని, వేడివేడిగా ఒక గిన్నెడు తిని మరీ పోతారు. మనం ఫో అని రాస్తాముగాని వారి నోట అది ‘ఫ’కు దగ్గరగా, ఏదో ప్రశ్న అడిగినట్లు వినిపిస్తుంది.

ఇది అంత పురాతనమైన వంటకం కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రోజులలో ఉత్తరాన హనోయి, నామ్ దిన్ ప్రాంతాలలో పుట్టింది. చీనావారి నూడిల్సూ, ఫ్రెంచివారి మాంసపు వాడుకా కలిసి దీనికి దారి తీశాయంటారు. 1954లో యానాంలో ఫ్రెంచి జెండా దిగింది. ఆ ఏడే హనోయిలోనూ దిగింది. అప్పుడు వియత్నాం రెండు ముక్కలై, లక్షల జనం ఉత్తరం నుంచి దక్షిణానికి తరలిపోయారు. వారి వెంట ఫో కూడా సైగానుకు చేరి, అక్కడ పెసర మొలకలనూ పచ్చి ఆకులనూ తోడు తెచ్చుకుంది. 2024లో హనోయి ఫోనూ, నామ్ దిన్ ఫోనూ ఆ దేశం తన జాతీయ వారసత్వంలో చేర్చుకున్నది.

అసలు ఫో గొడ్డుమాంసపు ఎముకలతో చేస్తారు. కోడితో చేసేది ‘ఫో గా’, శాకాహారులది ‘ఫో చాయ్’. అక్కడి బౌద్ధులు పలువురు అమావాస్య, పున్నమి వేళల మాంసం ముట్టరు గనుక, శాకాహారపు ఫోకు కూడా మంచి గిరాకీ వున్నది.

నలుగురికి చేయాలంటే కిలో కోడి ముక్కలు ఎముకలతో సహా తీసుకోండి. ముందు ఒక్క పొంగు రానిచ్చి, ఆ నీరు పారబోసి, ముక్కలు కడగండి. తర్వాత రెండున్నర లీటర్ల మంచినీరు పోసి పొయ్యి మీద పెట్టండి. రెండు ఉల్లిపాయలు, రెండంగుళాల అల్లం నిప్పు సెగమీద నల్లబడేదాకా కాల్చి వేయండి. నూనె చుక్క అక్కరలేదు. నాలుగు అనాసపువ్వులు, ఒక దాల్చిన చెక్క, నాలుగు లవంగాలు, చెంచాడు ధనియాలు దోరగా వేపి, పల్చని బట్టలో మూటగట్టి అందులో వదలండి. శాకాహారులు కోడికి బదులు ముల్లంగి, క్యారెట్టు, క్యాబేజీ, పుట్టగొడుగులు వేసుకోవచ్చును.

ఇక ముఖ్యమైన మాట. సూపు తెర్లకూడదు. సన్న సెగమీద అక్కడొక బుడగ, ఇక్కడొక బుడగ లేస్తూ గంటన్నర కాగాలి. కూరగాయలదైతే గంట చాలు. తెర్లితే కొవ్వు నీటిలో కలిసిపోయి సూపు మసకబారుతుంది. పైగా చిట్లి చీరమీద పడుతుంది. ఏ సెగ రుచిని కాపాడుతుందో ఆ సెగే బట్టనూ కాపాడుతుందన్నమాట. డేగిసా ఎత్తి వంచవద్దు, గరిటెతో తోడుకోండి. ఉప్పుకు తోడు అక్కడివారు చేపల రసం వేస్తారు. సోయా రసమైనా సరే.

నూడిల్సు బియ్యపువి. నానిన బియ్యం రుబ్బి, ఆవిరిమీద పల్చని రేకులుగా పోసి, నాడాల్లా కోస్తారు. ఎండువి కొన్నవారు అరగంట నానబెట్టి, వేడినీటిలో ముంచి తీస్తే చాలు. నీరు బాగా ఓడ్చి గిన్నెలో వేసి, మాంసమో కూరలో పైన పేర్చి, సూపు గిన్నె అంచువెంట పోయండి. పైనుంచి కుమ్మరిస్తే చిందుతుంది. కొత్తిమీర, మొలకలు, నిమ్మచెక్క, పచ్చిమిరప ఎవరికి కావలసినంత వారు వేసుకుంటారు. తినేటప్పుడు నాలుగేసి పోగులు మాత్రమే ఎత్తి, కింద చెంచా పట్టి, గిన్నె మీదికి వంగండి. అక్కడ అది మర్యాదే.

వంటకు నిలబడే ముందు పైటకొంగు నడుములో గట్టిగా దోపుకోండి. పైన ముతక నూలు ఏప్రను కట్టుకోండి. నైలాను, పాలియెస్టరు చీరలు పొయ్యి దగ్గర వద్దే వద్దు. అంటుకుంటే కరిగి చర్మానికి పట్టేస్తాయి. మరక పోగొట్టవచ్చుగాని కాలిన మచ్చ పోదు. వేడి సూపు ఒంటిమీద పడితే తడిసిన బట్ట వెంటనే తొలగించి, ఇరవై నిమిషాలపాటు కుళాయినీటి ధార కింద వుంచాలి. సిరా, పేస్టు పూయరాదు. గాయం పెద్దదైతే డాక్టరు వద్దకు వెళ్ళాలి.

ఎంత జాగ్రత్తపడినా జిడ్డు చుక్క పడితే రుద్దకండి, మరక పాకుతుంది. పొడి శనగపిండి చల్లి పావుగంట వుంచి దులపండి. నూలు బట్టయితే తర్వాత కుంకుడు రసంతో గోరువెచ్చని నీటిలో ఉతకండి. పట్టుచీరకు పిండి చల్లడంతో ఆపి, చాకలికో లాండ్రీకో అప్పగించండి. మరక పూర్తిగా పోనిదే ఇస్త్రీ పెట్టవద్దు. ఆ వేడికి అది స్థిరపడిపోతుంది.

వచ్చే ఆదివారం ఇంటిల్లిపాదికీ ఒక గిన్నెడు ఫో వడ్డించి చూడండి. తొందర మాత్రం పడకండి.