పతాకము వెల యెంత?

1954వ సంవత్సరమున డగ్లస్ వాలప్ అను అమెరికన్ రచయిత ఒక నవల ప్రకటించెను. దాని పేరును తెలుగున చెప్పవలెనన్నచో "యాంకీలు పతాకమును పోగొట్టుకొన్న యేడు" అనవచ్చును. అందలి నాయకుడు జో బాయిడ్ వాషింగ్టన్ నగరములో ఇండ్లు, స్థలములు అమ్మిపెట్టి బ్రతుకు నడివయస్సు గృహస్థుడు. ఆయన మనస్సును తొలుచు చింత యొక్కటే: తమ యూరి బేస్‌బాల్ జట్టు ఏటేటా ఓడుచుండుట, న్యూయార్కు యాంకీల జట్టు ఏటేటా గెలుచుచుండుట. ఒకనాటి రాత్రి సైతాను పెద్దమనిషి వేషమున వచ్చి, ఆత్మను తన కిచ్చినచో ఆయనను సాటిలేని యువ క్రీడాకారునిగా మార్చెదనని ఆశ చూపెను. జో బాయిడ్ ఒప్పుకొనెను.

జ్ఞానము కొరకును సుఖముల కొరకును ఆత్మను తాకట్టు పెట్టిన ఫౌస్టు పండితుని కథ యూరపు సాహిత్యమున సుప్రసిద్ధము. ఒక ఆటల జట్టు గెలుపు కొరకు ఆత్మను అమ్ముకొన్నవాని కథ అమెరికనులకు మిక్కిలి నచ్చెను. మరుసటి యేట, 1955లో, అది "డామ్ యాంకీస్" అను సంగీత నాటకమై బ్రాడ్వే రంగస్థలమున వేయికి పైగా ప్రదర్శనలు పొందెను. చూచినవారు నవ్విరి, ఆ నవ్వులో కడుపుమంటయు కొంత కలదు. 1949 మొదలు 1953 వరకు వరుసగా ఐదేండ్లు యాంకీలే జగజ్జేతలు. వారి నోడించుట మానవమాత్రులకు సాధ్యము కాదని జనులు అనుకొనిన కాలమది. తమాషా యేమనగా, నవల వెలువడిన 1954లోనే యాంకీలు 103 ఆటలు గెలిచియు, తమ లీగు పతాకమును క్లీవ్‌లండ్ జట్టుకు వదలుకొనిరి. అందుకు సైతాను సాయము అక్కరలేకపోయెను.

ఆనాడు మొదలైనదని చెప్పలేము గాని, ఆనాటికే ముదిరిన తగవు ఒకటి అమెరికాలో నేటికిని తెగలేదు. గెలుపు ఆటగాండ్ర ప్రతాపమా, యజమాని ధనసంచి ప్రభావమా? ఉపాధ్యాయుల విశ్రాంతి గదులలో, క్షౌరశాలలలో, పని ముగిసి ఇంటికి పోవు రైళ్లలో ఈ తగవు సాగుచునే యుండును.

బేస్‌బాల్ పరిచయము లేని పాఠకులకు రెండు మాటలు. అమెరికాలోని పెద్ద లీగులలో 30 జట్లు కలవు. అందొకటి కెనడాలోని టొరంటో నగరమునది. ఒక్కొక్క జట్టు సీజనులో 162 ఆటలు ఆడవలెను. ఇది ఆరు నెలల వ్యవహారము. తుదకు రెండు లీగుల విజేతలు "వరల్డ్ సిరీస్" అను అంతిమ పోటీలో తలపడును. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవారు విజేతలు. రెండు దేశముల జట్లు ఆడుకొను పోటీకి "వరల్డ్" అని పేరేమిటని అడిగినచో అమెరికనులు నొచ్చుకొందురు. 2025 వరకు ఈ కిరీటము యాంకీలకు 27 మారులు దక్కెను. వారి తరువాత నిలిచిన సెయింట్ లూయిస్ కార్డినల్సుకు 11 మాత్రమే.

"27!" అని యాంకీల అభిమాని అంకె చూపును. "కొన్నవి" అని చిన్న యూరి అభిమాని కొట్టివేయును. "కొనుటకు ధనము మీ యజమాని వద్ద లేదా? అతడును కోటీశ్వరుడే కదా! సంచి ముడి విప్పడు గాని" అని మొదటివాడు. "న్యూయార్కులో జనమెక్కువ, టెలివిజను రాబడి యెక్కువ, మా యూరి రాబడితో మీతో పోటీ పడుట యెట్లు?" అని రెండవవాడు. ఇద్దరి మాటలోను నిజమున్నది. కావుననే తగవు తీరదు.

"కొన్నవి" అను మాటకు మూలపురుషుడు బేబ్ రూత్. 1919 డిసెంబరులో బోస్టన్ రెడ్ సాక్సు యజమాని హారీ ఫ్రేజీ, ఆటలో అప్పటి మేటియైన రూత్‌ను లక్ష డాలర్లకు యాంకీలకు అమ్మివేసెను. అప్పటి వరకు యాంకీలకు ఒక్క కిరీటమును లేదు. తొలి కిరీటము 1923లో వచ్చెను. బోస్టన్ 1918లో గెలిచినది, మరల గెలుచుటకు 2004 వరకు వేచియుండెను. 86 ఏండ్లు! తాత చెప్పగా విని, తండ్రితో కలిసి చూచి, తానును ముసలివాడైన అభిమానులు బోస్టన్‌లో ఎందరో కలరు. ఆ అమ్మకమునకు శాపమని పేరు పెట్టి ఊరట చెందిరి.

ఐతే ఆ లక్ష డాలర్లు పుచ్చుకొన్నది ఎవరు? రూత్ కాదు, ఫ్రేజీ. తగవులాడు అభిమానులు తరచు మరచు విషయమిది. ఆ దినములలో ఆటగాని ఒప్పందములో "రిజర్వు క్లాజు" అను నిబంధన యొకటి యుండెడిది. ఏడాది గడువు తీరినను ఆటగాడు ఆ క్లబ్బు సొత్తే. క్లబ్బు అతనిని ఉంచుకొనవచ్చును, అమ్మవచ్చును, మారకము చేయవచ్చును. అతడు మాత్రము వేరొకచోటికి స్వయముగా పోరాదు. జీతము చాలదన్నచో ఆట మానుకొని ఇంట కూర్చుండవలసినదే. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధ చట్టము వర్తించదని తీర్పు చెప్పి ఈ కట్టడికి బలము చేకూర్చెను.

ఈ కట్టడిని కదిలించినవాడు కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి క్రీడాకారుడు. సెయింట్ లూయిస్‌లో 12 ఏండ్లు ఆడిన పిదప, 1969లో అతనిని అడుగకయే ఫిలడెల్ఫియాకు మార్చివేసిరి. మంచి జీతము గలవాడు, పేరు గలవాడు. నోరు మూసికొని పోయినచో సుఖముగా నుండెడివాడు. అతడు బేస్‌బాల్ కమిషనరుకు లేఖ వ్రాసెను. తాను కొనుటకును అమ్ముటకును వస్తువును కానని అందు చెప్పెను. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయి 1972లో ఐదుగురు న్యాయమూర్తులు ఎదుర, ముగ్గురు అనుకూలముగా తీర్పు రాగా ఫ్లడ్ ఓడెను. అప్పటికి అతని ఆట ముగిసినది. 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అను మధ్యవర్తి, మెసర్‌స్మిత్, మెక్నాలీ అను ఇద్దరు పిచ్చర్ల తగాదాలో, గడువు తీరిన ఆటగాడు స్వతంత్రుడే యని నిర్ణయించెను. ఆ నిర్ణయముతో సంకెల తెగెను. ఫలము మాత్రము ఫ్లడ్‌కు దక్కలేదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడదగును. యాంకీల 27 కిరీటములలో 20, 1923 నుండి 1962 వరకు నలువది యేండ్లలో వచ్చినవి. అనగా ఏ ఆటగానికిని తన యూరు తాను ఎన్నుకొను స్వేచ్ఛ లేని కాలమున. ఆ పిమ్మట 2025 వరకు 63 ఏండ్లలో వచ్చినవి ఏడు మాత్రమే. ఆటగాండ్ర స్వేచ్ఛ వలన ధనిక జట్లు అన్నిటిని ఊడ్చుకొనిపోవుచున్నవని ఆక్రోశించువారు ఈ లెక్కకు జవాబు చెప్పవలసియున్నది. వెనుకటి కాలమున ధనము లేకపోలేదు. అది ఆటగాని చేతికి రాక, ఒక యజమాని జేబు నుండి మరొక యజమాని జేబుకు చప్పుడు లేకుండ పోయెడిది. 1950 దశకము చివర కాన్సాస్ సిటీ జట్టు మంచి ఆటగాండ్రను ఒకరి వెంట ఒకరిని యాంకీలకు పంపుచుండగా, తమ జట్టు యాంకీల పెరటి తోటయని అచ్చటి అభిమానులు వాపోయిరి. 1959లో అట్లు వెళ్లిన రోజర్ మారిస్ 1961లో 61 హోమ్‌రన్లు కొట్టి రూత్ రికార్డును దాటెను.

నేడు ఖర్చులకు అడ్డుకట్ట పెట్టవలెనని కోరువారు పెక్కురు. ఐ.పి.ఎల్. క్రికెట్టులో 2025 జట్ల కూర్పునకు ప్రతి జట్టుకును 120 కోట్ల రూపాయల హద్దు విధించిరి. హైదరాబాదుకైనను ముంబాయికైనను అదే హద్దు. అమెరికన్ ఫుట్‌బాల్‌లోను గట్టి హద్దు కలదు. బేస్‌బాల్‌లో అట్టిది లేదు. ఆటగాండ్ర సంఘము ఒప్పుకొనదు. 1994లో యజమానులు హద్దు పెట్టబోగా ఆటగాండ్రు ఆగస్టు 12 నుండి సమ్మె కట్టిరి. ఆ యేడు వరల్డ్ సిరీసే జరుగలేదు. తరువాత పన్ను ఒకటి వచ్చినది: జీతముల మొత్తము ఒక మేర దాటినచో దాటినదానిపై సుంకము చెల్లింపవలెను. 2025లో ఆ మేర 24 కోట్ల 10 లక్షల డాలర్లు. ధనికునికి సుంకము గోడ కాదు, గడప మాత్రమే. చెల్లించి దాటిపోవును.

దాటినవారెల్ల గెలుతురా? 2002లో ఓక్లండ్ అథ్లెటిక్సు జీతముల పద్దు సుమారు 4 కోట్ల డాలర్లు. యాంకీలది 12 కోట్ల పైచిలుకు. ఇరువురును సరిగా 103 ఆటలు గెలిచిరి! ఓక్లండ్ వ్యవహారకర్త బిల్లీ బీన్ ఇతరులు చౌకగా విడిచిన గుణములను వెదకి కొనెను. ముఖ్యముగా, బ్యాటు వీచి కీర్తి గడించుటకంటె ఓపికతో నిలిచి బేసు చేరు నేర్పునకు విలువ కట్టెను. మైఖేల్ లూయిస్ 2003లో వ్రాసిన "మనీబాల్" గ్రంథము ఈ కథయే. గ్రంథము చదివి మురిసిన వారు ఒక సంగతి దాటవేయుచుందురు: ఆ యేడు తుదిపోటీల తొలి మెట్టుననే ఓక్లండ్ ఓడిపోయెను. అదే మెట్టున యాంకీలును ఓడిరి.

కారణము ఆట స్వభావములోనే యున్నది. 162 ఆటలలో 100 గెలిచిన జట్టు మహా జట్టు. అనగా పదింట ఆరు చిల్లర గెలుపు. పదింట నాలుగు మారులు ఓడు జట్టు, ఐదారు ఆటల చిన్న పోటీలో ఎవరికైనను తల వంచవచ్చును. ఎదుటి పిచ్చరుకు ఒక రాత్రి చేయి బాగుగా సాగినచో కోట్ల డాలర్ల బ్యాట్లు గాలిని కొట్టును. ధనము వేసవిని కొనగలదు, ఆ కొద్ది శరద్రాత్రులను కొనలేదు. 2023లో న్యూయార్కు మెట్సు 30 కోట్ల డాలర్లకు పైగా జీతములకు వెచ్చించి, 75 ఆటలు గెలిచి 87 ఓడి, తుదిపోటీల ముఖమైనను చూడలేదు. 2024 డిసెంబరులో హువాన్ సోటో అను ఒక్కనికి 15 ఏండ్లకు 76 కోట్ల 50 లక్షల డాలర్లు ఇచ్చుటకు ఒప్పుకొనిరి. 2025లోను తుదిపోటీలు వారికి అందలేదు. ఆ యేడు సీజనులో అందరికంటె ఎక్కువగా 97 ఆటలు గెలిచినది చిన్న నగరమైన మిల్వాకీ జట్టు.

కాని ఆ మిల్వాకీని లీగు అంతిమ పోటీలో నాలుగింట నాలుగు గెలిచి ఇంటికి పంపినవారు లాస్ ఏంజెలెస్ డాడ్జర్లు. షోహే ఓటానికి పదేండ్లకు 70 కోట్ల డాలర్లు వ్రాసియిచ్చి, అందు 68 కోట్లను 2034 నుండి చెల్లించునట్లు ఏర్పాటు చేసికొన్న జట్టు అది. 2024, 2025 కిరీటములు రెండును వారివే. "బేస్‌బాల్‌ను పాడు చేయుచున్నారు" అని ఒకప్పుడు యాంకీల నన్న మాట నేడు డాడ్జర్ల నందురు. చిత్రమేమనగా, ఈ డాడ్జర్లే ఒకప్పుడు న్యూయార్కులోని బ్రూక్లిన్ పేటలో శ్రామికుల ముద్దుబిడ్డలు. 1941 నుండి 1953 వరకు ఐదు మారులు వరల్డ్ సిరీస్‌లో యాంకీల చేతనే ఓడి, "వచ్చే యేడు చూతము" అని నిట్టూర్చిన అభిమానులు వారివారు. 1955లో ఆ వచ్చే యేడు వచ్చెను, యాంకీల నోడించిరి. 1957 సీజను ముగియగానే యజమాని జట్టును మూటగట్టి వేల మైళ్ల దూరమున లాస్ ఏంజెలెస్‌కు తరలించెను.

డాలర్లను గూర్చి వాదించు అభిమాని నిజముగా భయపడునది దీనికే. ఓడిన జట్టును ప్రేమింపవచ్చును. లేని జట్టునేమి చేయవలెను? ధనికుడైన పొరుగువానిని తిట్టుటలో చూపు ఉత్సాహములో సగము, తన యూరి యజమాని సంచి వైపు చూపియుండిన బాగుండెడిది. ఓక్లండ్ అభిమానులకు ఈ సంగతి ఆలస్యముగానైనను తెలిసినది. 1972, 1973, 1974లలో వరుసగా మూడు కిరీటములు చూచిన ఊరది. 1976లో నాటి యజమాని చార్లీ ఫిన్లీ ముగ్గురు మేటి ఆటగాండ్రను 35 లక్షల డాలర్లకు అమ్మబోగా, కమిషనరు ఆ అమ్మకమును రద్దు చేసెను. తరువాతి కాలమున ఆపువారు లేకపోయిరి. మంచి ఆటగాండ్రు ఒక్కొక్కరే పోయిరి, జీతముల పద్దు చిక్కెను, మైదానము శిథిలమాయెను, ప్రేక్షకులు తగ్గిరి. ప్రేక్షకులు లేరు గనుక జట్టును లాస్ వేగాస్‌కు మార్చెదమని యాజమాన్యము ప్రకటించెను.

2023 జూన్ 13న ఓక్లండ్ అభిమానులు ఒక వింత నిరసన చేసిరి. బహిష్కరించుటకు బదులు అందరును ఆటకు వచ్చిరి. 27,759 మంది! వారి ఆకుపచ్చ చొక్కాలపై ఒకే మాట: "అమ్ముము." ఆటగానిని కాదు, జట్టును, ఈ యూరిలో ఉంచుకొనువానికి. యజమాని అమ్మలేదు. 2024 సెప్టెంబరు 26న ఓక్లండ్‌లో చివరి ఆట జరిగెను. 57 సీజనుల కాపురమునకు వీడ్కోలు చెప్పుటకు 46,889 మంది వచ్చిరి. అథ్లెటిక్సు 3-2తో గెలిచిరి. 2025లో ఆ జట్టు శాక్రమెంటోలోని చిన్న లీగు మైదానమున, వేగాస్‌లో కట్టడము పూర్తియగు వరకు అతిథిగా ఆడ మొదలిడెను. పట్టికలలో ఇతర జట్లకన్నిటికిని ముందు ఒక ఊరి పేరో ప్రాంతము పేరో ఉన్నది. దానికి మాత్రము వట్టి "అథ్లెటిక్సు" అని వ్రాసిరి.