గర్భవతి యగు స్త్రీ – ఉద్యోగపు దరఖాస్తు

చదువుకొన్న పల్లె యువతులు పనికై హైదరాబాదు పాతబస్తీకి పోవుట నేడు సామాన్యమైనది. బట్టల దుకాణములలోను, ప్రైవేటు పాఠశాలలలోను, నర్సింగ్ హోములలోను వారు పని వెదకుకొనుచున్నారు. అట్టి యువతి గర్భవతియై యుండి దరఖాస్తు పెట్టునపుడు ఆ సంగతి ముందుగా చెప్పవలెనా, చెప్పకున్న తప్పగునా యను సందేహము కలుగును. ఇంటివారు సలహాకై పంచాయతీ సభ్యుని యొద్దకే వచ్చెదరు. కావున సభ్యులు తెలిసికొనవలసిన కొన్ని విషయములను ఇచ్చట వివరించుచున్నాము.

దరఖాస్తు చేయు స్త్రీ తన గర్భమును గూర్చి యజమానికి తెలుపవలెనని ప్రసూతి చట్టములో ఎచ్చటను లేదు. జీవిత బీమా సంస్థ 1989లో ఒక యువతిని ఉద్యోగములో చేర్చుకొన్నది. అప్పుడు నింపించిన పత్రములో ఋతుక్రమమును గూర్చియు, గర్భములను గూర్చియు ప్రశ్నలుండెను. ఆమె ప్రసూతి సెలవులో నుండగా 1990 ఫిబ్రవరిలో తొలగింపబడినది. ఆమె పత్రములో తప్పు వ్రాసినదని సంస్థ వాదించినది. 1991 అక్టోబరు 31న సుప్రీంకోర్టు ఆమెను తిరిగి చేర్చుకొనవలెనని ఆదేశించి, స్త్రీల గౌరవమునకు భంగకరములైన ఆ ప్రశ్నలను పత్రమునుండి తొలగించుట మేలని చెప్పినది. తరువాత భారతీయ స్టేట్ బ్యాంకు, మూడు నెలలు దాటిన గర్భవతులను తాత్కాలికముగా అనర్హులుగా ఎంచు నియమమును తెచ్చి, విమర్శలు రాగా 2022 జనవరిలో నిలిపివేసినది.

పనిలో చేరునాటికే గర్భవతియైన స్త్రీకి ప్రసూతి సెలవు రాదని పలువురు తలంతురు. ఇది పొరపాటు. 1961 నాటి ప్రసూతి సౌకర్యముల చట్టము 12 వారముల సెలవు నిచ్చెను; 2017లో అది 26 వారములైనది. ఇద్దరు బిడ్డలున్న తల్లికి మాత్రము 12 వారములే. ఈ నిబంధనలు 2020 నాటి సాంఘిక భద్రతా స్మృతిలో చేర్చబడి, 2025 నవంబరు 21 నుండి దాని క్రింద అమలులో నున్నవి. పదిమంది లేక అంతకు మించిన పనివారున్న దుకాణములకును ఇవి వర్తించును. కాన్పునకు ముందటి పండ్రెండు నెలలలో ఆ యజమాని యొద్ద 80 దినములు పనిచేసి యుండవలెను. అనగా నాలుగవ నెలలో చేరిన స్త్రీకి కాన్పు లోపల ఈ గడువు సులభముగా నిండును. సెలవులో నున్న కారణముచే ఆమెను తొలగించుట చట్టవిరుద్ధము.

అయితే ఒక నిజమును దాచరాదు. నియామకములో స్త్రీ యను వివక్ష చూపరాదని 1976 నాటి సమాన వేతన చట్టము చెప్పినది. 2019 నాటి వేతన స్మృతియు దానినే చెప్పుచున్నది. అయినను ప్రైవేటు యజమాని మరియొక మిషతో త్రిప్పి పంపినచో రుజువు చేయుట కష్టము. లాడ్ బజారు గాజులకు ఇండ్లలో రాళ్లు పొదుగుచు లెక్కకు కూలి పొందు స్త్రీలకు యజమానియే కనబడడు. వారికి ఈ సెలవు అందుట లేదు.

కావున మేము చెప్పునది ఇది. అడిగినచో అబద్ధము చెప్పవలదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనని మర్యాదగా తెలుపవచ్చును. నియామక పత్రము చేతికి వచ్చిన పిదప, చేరిన తేదీకి ఆధారముంచుకొని, సంగతి వ్రాతపూర్వకముగా తెలుపుట మేలు. తెలిపిననే కాన్పునకు పది వారముల ముందు మొదలగు నెలరోజులు బరువు పనినుండియు, దీర్ఘకాలము నిలువబడు పనినుండియు మినహాయింపు కోరవచ్చును. ఎక్స్‌రే గదిలోని పనియైనచో శిశువు క్షేమమునకై వెంటనే చెప్పవలెను.

సభ్యులు చేయదగినది స్వల్పము గాదు. గ్రామమున ఏ.ఎన్.ఎం. యొద్ద గర్భిణి పేరు నమోదగునట్లును, తల్లీబిడ్డల కార్డు ఆమె చేతిలో నుండునట్లును చూడవలెను. నగరమున పేట్లబురుజు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి పోవునపుడును ఆ కార్డు ఆమెకు అక్కరకు వచ్చును. అన్యాయము జరిగినచో కార్మిక శాఖాధికారికి అర్జీ వ్రాయుటలో తోడ్పడవలెను. బిడ్డ కలుగుట నేరము కాదని ఇంటివారికి ధైర్యము చెప్పుటయు మన కర్తవ్యమే.