మంచం మీంచి లేపడానికి ఎంత తొందర?

మెల్‌బోర్న్‌లోని ఐదు స్ట్రోక్ వార్డులు. 58 మంది రోగులు, ఎవరికీ పక్షవాతం వచ్చి రెండు వారాలు దాటలేదు. వరసగా రెండు రోజులు, ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా, ప్రతి 10 నిమిషాలకోసారి పరిశీలకులు వెళ్లి చూసి రాసుకున్నారు. పడుకున్నారా, కూర్చున్నారా, నిలబడ్డారా, పక్కన ఎవరున్నారు?

ఫిజియోథెరపిస్టు, పరిశోధకురాలు జూలీ బెర్న్‌హార్ట్ బృందం 2004లో ఆ లెక్క ప్రచురించింది. పగటి సమయంలో సగానికి పైగా మంచం మీదే గడిచింది. 28 శాతం కుర్చీలో గడిచింది. తిరిగి నడవడానికి పనికొచ్చే కదలికకు దక్కింది 13 శాతమే, అంటే తొమ్మిది గంటల్లో సుమారు 70 నిమిషాలు. 60 శాతం సమయం రోగులు ఒంటరిగా ఉన్నారు.

మన ఆస్పత్రుల్లో రోగి పక్కన ఒకరైనా ఉంటారు. కానీ ‘కదపకండి, పడుకోనివ్వండి’ అనేది కూడా వాళ్లే.

మరి త్వరగా లేపి, ఎక్కువగా కదిలిస్తే? 71 మందితో చేసిన తొలి పరీక్ష ఆశ పెంచింది. త్వరగా లేపిన రోగులకు సాయం లేకుండా 50 మీటర్లు నడవడానికి మధ్యస్థంగా 3.5 రోజులు పట్టింది, మిగతావాళ్లకు 7 రోజులు. ఆ ఊపుతో మొదలైంది అవెర్ట్ అనే పెద్ద పరీక్ష. ఐదు దేశాలు, 56 ఆస్పత్రులు, 2,104 మంది. సగం మందికి మామూలు వైద్యం, మిగతా సగానికి పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే లేపి కూర్చోబెట్టడం, నిలబెట్టడం, నడిపించడం. వాళ్లకు రోజుకు సుమారు 31 నిమిషాల కదలిక, మామూలు వైద్యంలో 10.

2015లో వచ్చిన ఫలితం ఆశకు ఎదురుతిరిగింది. మూడు నెలల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగే స్థితికి చేరినవాళ్లు మామూలు వైద్యంలో 50 శాతం, తొందరగా, ఎక్కువగా కదిలించినవాళ్లలో 46 శాతం. వందమందికి నలుగురి తేడా. అంకెగా చిన్నదే, కానీ ఆ నలుగురూ తమ పనులు తాము చేసుకోగలిగే స్థితికి చేరని మనుషులు. ఏళ్ల తరబడి నమ్మిన పద్ధతికి వ్యతిరేకంగా వచ్చిన లెక్కను బెర్న్‌హార్ట్ బృందం ఉన్నదున్నట్టు లోకం ముందు పెట్టింది. ఆమె మీద నాకు గౌరవం కలిగింది ఇక్కడే. 2018లో అమెరికా స్ట్రోక్ మార్గదర్శకాలు కూడా మొదటి 24 గంటల్లో అంత తీవ్రంగా కదిలించవద్దని చెప్పాయి.

దీన్ని ‘వ్యాయామం వద్దు’ అని చదివితే పెద్ద పొరపాటు. మామూలు వైద్యం అందినవాళ్లు మంచాన పడి లేరు. వాళ్లను కూడా మధ్యస్థంగా 22.4 గంటలకే లేపారు, రెండో గుంపును 18.5 గంటలకు. కాబట్టి ఇది కదలికకూ విశ్రాంతికీ మధ్య పోటీ కాదు, మోతాదుకు సంబంధించిన తేడా. మందు విషయంలో మోతాదు అడిగే మనం వ్యాయామం విషయంలో ఎందుకో అడగం.

అదే సమాచారాన్ని బృందం 2016లో మళ్లీ తవ్వింది. ఎప్పుడు లేపారు, మొత్తం ఎన్ని నిమిషాలు అన్నవి సమానంగా ఉంచి చూస్తే, రోజుకు ఒకసారి అదనంగా లేపినప్పుడు మంచి ఫలితం వచ్చే అవకాశం సుమారు 13 శాతం మెరుగ్గా కనిపించింది. అదే మొత్తం సమయాన్ని పెంచుకుంటూపోతే అవకాశం తగ్గింది. తొలి రోజుల్లో ఒకేసారి ఎక్కువసేపు కాదు, కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు అన్నమాట.

ఆ పని ఇంటివాళ్లు నేర్చుకుంటే సరిపోతుందా? మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మందితో అటెండ్ అనే పరీక్ష జరిగింది. ఒక గుంపులో కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి పునరావాసం చేయించారు, మరో గుంపుకు మామూలు వైద్యమే. 2017 నాటి ఫలితం ప్రకారం, ఆరు నెలలకు మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడినవారు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. ఇంటివాళ్ల ప్రేమకు శిక్షణ తోడైనా ఫలితం మెరుగవలేదు. కాబట్టి వార్డులో రోగి పక్కన కూర్చున్నవాళ్లు సొంతంగా లేపే ప్రయత్నం చేయకుండా, ఈ రోజు ఎన్నిసార్లు లేపుతారు, ఒక్కోసారి ఎంతసేపు, అప్పుడు బీపీ చూస్తారా అని డాక్టర్ని, ఫిజియోథెరపిస్టుని అడగాలి.