మరో మెట్టు ఎక్కాలా?

బస్సు టిక్కెట్టు దిగగానే చెల్లిపోతుంది. విమానం టిక్కెట్టు అలా కాదు. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ‘అడ్వాంటేజ్’ పథకం పెట్టింది మొదలు, ఎవరెన్ని మైళ్ళు ఎగిరారో పద్దు రాయడం ఇతర సంస్థలకూ అలవాటైంది. సిల్వర్, గోల్డ్ అనే హోదాలు వెనకాలే వచ్చాయి. డెల్టా సంస్థ 2024 నుంచి హోదాకు మైళ్ళు మానేసి డాలర్లే కొలతగా పెట్టింది: ఏడాదికి 5,000 అయితే సిల్వర్, 10,000 అయితే గోల్డ్.

అట్లాంటాలో ఉద్యోగం చేసే మనవాడొకడు డిసెంబరు నాటికి 8,800 దగ్గర ఉన్నాడనుకుందాం. “ఇంకో 1,200 పెడితే గోల్డే గదా” అంటాడు. మా ఊళ్ళో బోరు వేసేటప్పుడూ ఇదే మాట. మూడొందల అడుగులకూ నీళ్ళు పడలేదు, ఇంత పెట్టాం, ఇంకో యాభై వేద్దామని.

పెట్టిన 8,800 ఆగినా తిరిగి రాదు, కొనసాగినా తిరిగి రాదు. దాన్ని లెక్కలోంచి తీసెయ్యాలి. మిగిలింది 1,200. దానికెదురుగా క్యూలో ముందువరస, విదేశ ప్రయాణాల్లో అదనపు సామాను. ఏటా ఒక్కసారి, అదీ చౌకని గల్ఫ్ విమానమెక్కి హైదరాబాదు వచ్చేవాడికి ఇవెన్నిసార్లు అక్కరకొస్తాయి? సంక్రాంతికి చేయవలసిన డెల్టా ప్రయాణాన్నే డిసెంబరుకు జరుపుకోగలిగితే అసలు అదనపు ఖర్చే లేదు, నిక్షేపంగా ఎక్కొచ్చు. ఆఫీసు పనిమీద నెలనెలా తిరిగేవాడి సంగతి వేరు. వాడి టిక్కెట్టు డబ్బు ఎలాగూ కంపెనీదే!