నిర్మల్ బొమ్మకు ఆ నునుపు ఎట్లా వస్తది?

పాలిమర్ క్లేతో బొమ్మలు చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: అతుకు కనబడకుండా ఎట్లా? జవాబు మన నిర్మల్‌లోనే ఉంది. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న ఊరే.

అక్కడి నకాషీ కళాకారులు వాడేది పొనికి కర్ర. తేలిక, మెత్తన. ముందు బాగా ఎండాలె. పచ్చిగా ఉంటే తర్వాత పగులుతది, పైన ఎంత రంగేసినా దాగదు. చేతులు, కాళ్లు, తోక విడిగా చెక్కి, ఒంటికి అతికిస్తరు. దేనితో? చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో. అసలు పనంతా ఈ ముద్దదే. ముక్కు లేపాలన్నా, చెంప నింపాలన్నా, సందు మూయాలన్నా అదే. పాలిమర్ క్లే ఓవెన్‌లో సుమారు 130 డిగ్రీల వేడికి గట్టిపడుతుంది. ఇది మాత్రం గాలికి నిదానంగా ఆరాలి. తొందరపడి మందంగా పెడితే ముడుచుకుపోయి, సరిగ్గా అతుకు దగ్గరే గీత పడుతుంది.

ఆరినంక రుద్ది, తెల్లమట్టి పూసి, మళ్లీ రుద్ది, అప్పుడు రంగు. నిర్మల్ పండ్లు చూసి నిజమైనవే అనుకుని చెయ్యి చాపినవాళ్లను చూసిన. అందులో రంగు గొప్ప కన్నా కింది నునుపు గొప్పే ఎక్కువని నా లెక్క.

ఇప్పుడు వాళ్ల కష్టమంతా కర్రతోనే. అడవిలో పొనికి తగ్గింది. ఇవ్వాళ నాటితే రేపు కొట్టుకునే చెట్టు కాదది. భౌగోళిక గుర్తింపు పేరును కాపాడుతది గానీ చెట్టును పెంచదు కదా!

ఇంట్లో ప్రయత్నించేవాళ్లు ఎండిన మెత్తటి కర్ర ఏదైనా తీసుకోండి. మొదట జామపండు చేయండి. మనిషి ముఖం తర్వాత.