నంబరు వచ్చింది, ప్రమాణం రాలేదు

లావుపాటి సాంకేతిక గ్రంథాల చివర అకారాది సూచిక ఉంటుంది చూడండి, ఈ కథ అక్కడ మొదలైంది. 1990ల తొలి ఏళ్లలో యూనిక్స్ కంపెనీల మాన్యువళ్ల పని చూసేవాళ్లు డావెన్‌పోర్ట్ గ్రూప్ పేరుతో ఒకచోట చేరారు. ఒక్కో మాన్యువల్ సూచికది ఒక్కో తీరు. వాటన్నిటినీ కలిపి ఒకటే సూచిక చెయ్యాలంటే, వేర్వేరు పేర్ల వెనక ఉన్నది ఒకే సంగతని యంత్రానికి తెలియాలి. ఆ కసరత్తులోంచి పుట్టినవే టాపిక్ మ్యాప్స్. 2000లో ఐఎస్ఓ 13250 పేరుతో అవి అంతర్జాతీయ ప్రమాణమయ్యాయి.

అంశాలు, అంశాల మధ్య సంబంధాలు, ఏ అంశం గురించి ఎక్కడ ఏముందో చెప్పే ఆచూకీలు. సరుకంతా ఇంతే. కాకపోతే ఇక్కడి సంబంధంలో పాల్గొనే ప్రతిదానికీ ఒక పాత్ర ఉంటుంది. ఏ గాయని ఏ ఒపెరాలో ఏ వేషం కట్టిందన్న మూడు ముక్కల్నీ ఒకే సంబంధంలో పెట్టొచ్చు. వెబ్ ప్రపంచం ఎంచుకున్న ఆర్‌డీఎఫ్‌లో సంబంధానికి రెండే కొసలు.

ఇంత పేర్చాక అందులోంచి జవాబు రాబట్టేదెలా? ఓస్లోలోని ఆంటోపియా కంపెనీలో లార్స్ మారియస్ గార్షోల్ అందుకోసం టోలాగ్ అనే క్వెరీ భాష తయారుచేశారు. దాని పోలికలన్నీ ప్రోలాగ్‌వి. ఆ కంపెనీ స్థాపకుడు స్టీవ్ పెప్పర్‌కు ఇటాలియన్ ఒపెరాలంటే ప్రాణం, ఆయన కూర్చిన ఒపెరా మ్యాపే అందరికీ నమూనా. దాన్ని ఇలా అడగొచ్చు:

కంపోజ్డ్-బై($ఎవరు : కంపోజర్, టోస్కా : వర్క్)?

పుచ్చిని అని జవాబొస్తుంది. డాలరు గుర్తును అటునుంచి ఇటు మార్చి, ‘ఎవరు’ ఉన్నచోట పుచ్చినిని పెడితే ఆయన ఒపెరాలన్నీ వరస కడతాయి. రెండుచోట్లా డాలరు గుర్తే ఉంటే మొత్తం జంటలు వస్తాయి. కామా పెట్టి, ఆ ఒపెరాకు మూలం షేక్‌స్పియర్ నాటకమై ఉండాలని ఇంకో షరతు తగిలిస్తే వెర్డీ బయటికొస్తాడు. ఒక్క వాక్యాన్ని ఎటు తిప్పినా పనిచేస్తుంది. ఈ రంగంలో ఇంతకంటే ముచ్చటైన పనితనం నాకు కనబడలేదు.

బెల్జియంలో ఎస్‌క్యూఎల్ వాసన గట్టిగా ఉన్న తోమా అనే మరో క్వెరీ భాష వచ్చింది. వేటికవే బాగానే ఉన్నా, ఒకదానికి రాసిన క్వెరీ ఇంకోదానికి అర్థం కాదు. అందుకే ఐఎస్ఓ కమిటీ టీఎంక్యూఎల్ అనే ఉమ్మడి భాషకు పూనుకుంది. 18048 అని నంబరు కూడా ఇచ్చేసింది. గార్షోల్, ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న రాబర్ట్ బార్టా సంపాదకులుగా కూర్చున్నారు.

చిక్కు వెంటనే ఎదురైంది. ఫైలు ఎలా రాయాలో మొదటి ప్రమాణం చెప్పింది గానీ, చదివాక మెమరీలో ఏముండాలో తేటగా చెప్పలేదు. దేన్ని అడుగుతున్నామో తేలకుండా ఎలా అడగాలో ఎవరు తేల్చగలరు? ఆ డేటా మోడల్ 2006లో గానీ వెలువడలేదు. ఈలోగా ముసాయిదా బొద్దుగా తయారైంది. ఎస్‌క్యూఎల్ అలవాటున్నవారికి సెలెక్ట్, ఎక్స్‌క్వెరీ వాళ్లకు ఫ్లవర్, మరికొందరికి పాత్ ఎక్స్‌ప్రెషన్లు అంటూ ఒకే భాషలో మూడు భాషలు ఇరికించారు. అందరినీ మెప్పించాలని రాసింది అమలుచెయ్యడానికి బరువైపోయింది. నా దృష్టిలో అసలు దెబ్బ ఇదే.

2008 జనవరిలో ఆర్‌డీఎఫ్‌కు స్పార్కిల్ అనే క్వెరీ భాష అధికారిక సిఫారసుగా వచ్చేసింది, జనం అటు మళ్లారు. షరతులు రాసే తోబుట్టువు టీఎంసీఎల్ 2011లో అచ్చయింది. టీఎంక్యూఎల్ మాత్రం ముసాయిదా గడప దాటలేదు.

ఎస్‌క్యూఎల్ అదృష్టం వేరు. 1974లో కాగితం మీదికెక్కి, మార్కెట్లో నలిగి, 1986లో అమెరికా ప్రమాణమైంది. 2024లో ఐఎస్ఓ వెలువరించిన గ్రాఫ్ భాష జీక్యూఎల్‌దీ అదే దారి. సైఫర్ లాంటి భాషలు ఏళ్ల తరబడి వాడుకలో ఉన్నాకే దాన్ని తీర్చారు. అయితే జీక్యూఎల్‌లోనూ సంబంధానికి రెండే కొసలు. గాయని, ఒపెరా, వేషం మూడూ ఒకే ముడిలో పడాలంటే మధ్యలో మరో నోడ్ పెట్టుకోవలసిందే.